బుట్ట ముడి

పదిహేనేళ్ళుగా ఒక ముడి నా చేతుల్లోనే ఉండిపోయింది. దాని బరువు ఎవరికీ కనపడదు. నాకు మాత్రం అన్నం కలుపుకుంటున్నప్పుడు కూడా గుర్తుకొస్తుంది.

ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. ఈసారి గ్రంథాలయ వారోత్సవాల్లో నాకు శాలువా కప్పుతామని మా నూజివీడు లైబ్రరీ చూసే శారద మేడం చెప్పారు. చదువు నాకేం నేర్పిందో ఒక పేజీ రాసిస్తే గోడకి పెడతారట. ఏడో తరగతితో బడి మానేసి మామిడి షెడ్లో కాయలు ఏరే మనిషి, చట్టం పుస్తకాలు చదివి పిల్లుల కోసం కోర్టు దాకా వెళ్ళింది కదా అని. ఆ మాట నిజమే. అందుకు గర్వంగానే ఉంటుంది నాకు, దాచుకోను. కానీ ఆ పేజీ మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ ఇదంతా ఎలా మొదలైందో చెప్పాల్సిన చోట పెన్ను ఆగిపోయింది. అది చెప్పకుండా శాలువా కప్పుకుంటే ఇంకొకరి భుజం మీది నుంచి లాక్కున్నట్టే. అందుకని ఆ పేజీ బదులు ఇదంతా రాసి, చదివే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం.

షెడ్లో వరిగడ్డి పరిచి కాయలు మాగేస్తాం. గడ్డి వెచ్చగా ఉంటుంది. అందులో ఎలుకలు చేరతాయి. వాటి కోసం పిల్లులు చేరతాయి. పదిహేనేళ్ళ కిందట ఒక చారల పిల్లి, రసాలు మాగేసిన గడ్డిలో మూడు పిల్లల్ని పెట్టింది. గడ్డికి పిల్లి వాసన పడితే కాయకీ పడుతుందని షెడ్డు యజమాని వాటిని ఎక్కడైనా వదిలి రమ్మన్నాడు. పిల్లిని చంపితే మహాపాపమని మా వైపు ఎవరూ చంపరు. వదిలేసి వస్తారు. దారి గుర్తుపట్టి తిరిగి రాకుండా గోనె సంచిలో వేసి, మూతి కట్టి, ఊరు దాటాక విప్పుతారు. అది పాపం కాదు మా వాళ్ళకి.

నేను తీసుకెళ్ళాను. ముసునూరు దారిలో ఆటో దిగి, ఒక తోట కంచె లోపల సంచి పెట్టాను. ముడి విప్పాలి. తల్లి లోపల గోళ్ళతో గీరుతోంది. విప్పితే మీద పడుతుందని భయమేసింది. ఇంతలో నూజివీడు వెళ్ళే బస్సు హారన్ వినిపించింది. గోనె పాతదే కదా, అదే చింపుకుని వస్తుందిలే అనుకున్నాను. పరిగెత్తి బస్సెక్కాను.

భయమేనా? బద్ధకమా? ఇన్నేళ్ళలో నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒకే జవాబు రాలేదు. కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషించడం మాత్రం బాగా గుర్తు.

ఆ ముడి సంగతి కూడా చెప్పాలి. అప్పుడు మా షెడ్లో ఇంకా ప్లాస్టిక్ ట్రేలు లేవు, కాయలు బుట్టల్లోనే లారీ ఎక్కేవి. బుట్ట మీద గడ్డి కప్పి, గోనె పట్టా వేసి, పురికొసతో కట్టేవాళ్ళం. లారీ కుదుపులకి కాయలు లోపల్నుంచి నెట్టేకొద్దీ బిగుసుకునే ముడి అది. షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు. సంచికి కూడా నా చేతులు అలవాటు కొద్దీ అదే వేశాయి. లోపల ఏముందో చేతులకి పట్టలేదు.

మూడో రోజు ఆ తోట కాపలాదారు సుబ్బయ్య సంచిని చూసి మూతి కోశాడు. తల్లీ రెండు పిల్లలూ చచ్చిపోయి ఉన్నాయి. ఒక పిల్ల బతికి ఉంది. అప్పుడే అటు నడకకి వచ్చిన కాలేజీ అమ్మాయిలు సంచి పట్టుకుని నిలబడ్డ ఆయన్ని చూశారు. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు. వాళ్ళని తప్పుపట్టను, కళ్ళకి కనిపించిందే రాశారు. ఆయన్ని నాలుగుసార్లు స్టేషన్‌కి తిప్పి, సాక్ష్యం చాలదని కేసు మూసేశారు. కానీ తోట కౌలుదారు పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత ఏ తోటకీ ఆయన్ని కాపలాకి పిలవలేదు. చెట్టుని చూసి కాపు చెప్పగల మనిషి వరి పొలాల్లో కూలికి పోయాడు. 'పిల్లుల్ని చంపినోడు' అన్న పేరు మిగిలింది.

నేను మాట్లాడలేదు.

అంతవరకూ లైబ్రరీలో నవలలే తెచ్చుకునేదాన్ని. మొదటిసారి చట్టాల బీరువా దగ్గరికి వెళ్ళింది నన్ను జైల్లో పెడతారో లేదో చూసుకోవడానికి. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం. పల్చటి పుస్తకం. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో వాక్యం రెండేసి సార్లు చదివాను. చంపడమే కాదు, ఆకలికీ దాహానికీ అల్లాడేలా వదిలేయడం కూడా నేరమేనని అందులో ఉంది. మా ఊళ్ళో పాపం కానిది ఆ పుస్తకంలో నేరం. ఆ పేజీ తిప్పలేక లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాను.

తర్వాత ఆగలేదు. ఇంకో షెడ్లో ఎండుచేపలకి పురుగుల మందు పట్టించి పిల్లులకి పెడితే, చచ్చిన పిల్లిని పశువుల ఆసుపత్రికి మోసుకెళ్ళి పోస్టుమార్టం చేయించాను. ఫిర్యాదు నేనే రాశాను. స్టేషన్లో తీసుకోకపోతే పై అధికారికి రిజిస్టరు పోస్టులో పంపాను. కోర్టులో బోనెక్కి అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేశాను. అలా చెబుతూ నా చేతుల వంక చూసుకున్నాను. పడింది చిన్న శిక్షే. అయినా ఆ ఏటి నుంచి మా షెడ్లలో మందు పెట్టాలంటే జంకుతున్నారు. సంచులు కట్టడమూ ఆగింది, పిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయిస్తున్నారు. నన్ను లాయరమ్మ అంటారు. సాయంత్రం గడ్డి మీద పిల్లులు వెల్లకిలా పడుకుని ఉంటే వాటిని చూస్తూ టీ తాగుతాను. అంతకన్నా ఏం కావాలనిపిస్తుంది. తప్పులోంచి మొలిచిన సంతోషం అబద్ధమవుతుందా? దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

పోయిన వారం సుబ్బయ్య ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని గేదెకి పలుపు పేనుతున్నాడు. పక్కన చారల పిల్లి.

"ఏంటి లాయరమ్మా, నా మీద కొత్త కేసేమన్నా పెట్టావా?"

"నా మీదే పెట్టాలి బాబాయ్. ఆ సంచి కట్టింది నేనే."

పలుపు పేనడం ఆపలేదు. "షెడ్డోళ్ళదని తెలుసు. అది బుట్ట ముడి. కొడవలెట్టి కోసేదాకా రాలేదు."

"తెలిసి చెప్పలేదేంటి?"

"చెప్పానమ్మాయ్. ముడి చూడండి సార్ అన్నా. ముడేంట్రా, కొత్త కథ చెబుతున్నావా అని నవ్వారు. మీ షెడ్డుకీ వచ్చా. ముప్పై మంది ఆడోళ్ళు వంగి బుట్టలు కడతన్నారు. ఎవరి పేరని చెప్పను? ఒక్కళ్ళన్నా తలెత్తుతారేమోనని కాసేపు నిలబడ్డా."

ఆ రోజు నాకు గుర్తుంది. గుమ్మంలో ఆయన నీడ పడింది. నేను ఇంకా వంగి, కట్టిన బుట్టనే మళ్ళీ కట్టాను.

"నన్ను క్షమించు బాబాయ్."

"అంత చదివావు కదా. నేను క్షమిస్తే పోయిన తోటలు తిరిగొస్తాయేమో పుస్తకంలో చూసి చెప్పు." పిల్లి వీపు నిమిరాడు. "బతికిన పిల్ల మనవరాలు ఇది. నువ్వు పిలవమాక, రాదు."

నేను పిలవలేదు.

మర్నాడు జరిగిందంతా రాసి, సంతకం పెట్టి, స్టేషన్లో ఇచ్చాను. ఎప్పుడో మూసేసిన కేసుకి ఇప్పుడెందుకని విసుక్కున్నారు. రసీదు ముద్ర వేయించుకునే వచ్చాను. ఒక నకలు ఆ తోట కౌలుదారుకి ఇచ్చాను. ఇంకోటి ఈ కాగితాలకి జతచేసి శారద మేడంకి ఇస్తాను. శాలువా సంగతి ఆవిడ ఇష్టం. ఇక్కడ నా పేరు రాయడం లేదు. ఉండాల్సిన చోట ఉంది.

నిన్న అన్నం కలుపుతుంటే ముడి గుర్తొచ్చింది. వచ్చినా, ముద్ద దిగింది.

నిఘంటువు చూడటం నేర్పిన శారద మేడంకి కృతజ్ఞతలు. చచ్చిన పిల్లి తెచ్చానని నవ్వకుండా బల్ల మీద పెట్టించుకున్న పశువుల డాక్టరు రమేష్ గారికి. కోర్టు వాయిదాలప్పుడు నా వంతు కాయలు కూడా ఏరిన మంగమ్మకి. ముక్కూ మొహం తెలియని పిల్లుల కోసం మా ఊళ్ళో మొట్టమొదట స్టేషన్ మెట్లెక్కిన కాలేజీ అమ్మాయి మేఘనకి. సుబ్బయ్య బాబాయికి, ఆ రోజు సంచిని చూసి కూడా పక్కనుంచి వెళ్ళిపోకుండా, కొడవలి తెచ్చినందుకు.