పురిటిబిడ్డకు పాతబట్ట

నా చిన్నప్పుడు, మొయినాబాద్ దగ్గరి పల్లె హిమాయత్‌నగర్‌లోని మా ఇంటికి మేనత్త పురిటికి వచ్చింది. బిడ్డ పుట్టిన నాడు, మా తాతయ్య చేవెళ్ల అంగడి నుంచి తెచ్చిన కొత్తబట్టను మురిపెంగా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా నాయనమ్మ దానిని పక్కన పెట్టి, తాను ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, ఎండలో ఆరవేసుకున్న నూలుచీరను పరపరా చించింది. పసివాడికి చిరుగుబట్టా అని నాకు ఏడుపు వచ్చింది. ఆమె నన్ను దగ్గరకు తీసుకుని, ఒక చెంపకు కొత్తబట్టను, రెండో చెంపకు చీరపేలికను ఆనించింది.

"ఏది మంచిగున్నది, చెప్పు బిడ్డా?"

నేను పేలిక వైపే ఒరిగాను. ఆమె నవ్వింది. "కొత్తదానికి ఇంకా మనిషి అలవాటు కాలేదు. జర కట్టాలె, ఉతకాలె. అప్పుడు గాని పసిపిల్లను పట్టుకునుడు దానికి రాదు."

వస్త్రం పాతబడటం చెడిపోవడం కాదనీ, అదొక పరిపక్వత అనీ ఆనాడు నాకు మాటల్లో తోచలేదు. చెంపకు మాత్రం తెలిసింది.

నిరుడు నా మనుమరాలు ప్రసవించి, మొయినాబాద్‌లో ఇప్పుడు మేముంటున్న ఇంటికి వచ్చింది. కొని తెచ్చిన జారుడు అంగీల వల్ల పాప ఒళ్లంతా ఎర్రని పొక్కులు లేచాయి. నూలుబట్ట అని దుకాణంలో అంటగట్టినదీ ఒరుసుకుంటూనే ఉంది. మెత్తని పాతబట్ట కోసం ఇల్లంతా గాలించాను. బీరువాలు తలుపులు మూతపడనంత నిండుగా ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు. నా పంచెలు సైతం పాలిస్టరు కలిసినవే.

"ఎందుకు తాతయ్యా గీ తిప్పలు? ఫోన్ల ఆర్డర్ పెడితె రేపటికల్లా ఇంకో డజన్ కొత్తయి వస్తయి," అన్నది మనుమరాలు.

చివరకు చేవెళ్ల దారిలో, పారేసిన బట్టలు పోగుచేసే రేకుల షెడ్డుకు వెళ్లాను. ఒక్క నూలుచీర దొరికితే ఉడకబెట్టి వాడవచ్చునని ఆశ. అక్కడ బట్టల గుట్ట షెడ్డు దాటి పక్కచేనులోకి ఒరిగింది. వానలకు మట్టిలో కూరుకున్నవి కుళ్లక, రంగు వెలియక, దుక్కిలో తేలుతున్నాయి. ఒక నడివయసు ఆమె గుండీలూ జిప్పులూ కోసుకుని, మిగిలినదంతా మంటలో వేస్తూ, ఆ నల్లని పొగకు దగ్గుతోంది.

"పాతబట్టనా? ఏడికెల్లి తేవాలె తాతా! గుట్టంత కొత్తయే. రెండుసార్లు తొడిగి ఇసిరికొట్టిన్రు," అని ఆమె నవ్వింది. "నా బిడ్డ పట్నంల పొద్దంత కూసోని గీ అంగీలే కుడతది. నేను గీడ కాలవెడుత. తల్లీబిడ్డలకు పనికైతే ఫికర్ లేదు."

ఆ నవ్వు దగ్గులో కలిసిపోయింది. వట్టి చేతులతో తిరిగివచ్చాను. పాప పొక్కులు మందులతో మానాయి, మచ్చలు మిగిలాయి.

ఆ తరువాత అచ్చమైన నూలుపంచె ఒకటి వెతికి కొన్నాను. రోజూ కట్టి, నా చేతులతోనే ఉతికి ఆరవేసుకుంటున్నాను. నాయనమ్మ నేర్పినది నాలో ఆ పనిగానే మిగిలింది. పంచె ఇంకా బిరుసుగా ఉంది. ఆమె చీరంత మెత్తబడే నాటికి నేనుండను; నేను పోయిన మరునాడు అది ఆ గుట్టమీదికే చేరుతుంది.