మగ్గం గది కంప్యూటర్‌కు బాపు పేరు

భువనగిరిలో మా ఇంట్లో రెండు కంప్యూటర్లుండేవి. మగ్గం గదిలోని దాంట్లో చీరల డిజైన్లు, ముందు గదిలోని దానికి ప్రింటర్. ముందు గదిలో కూర్చుని మగ్గం గది కంప్యూటర్‌ను పిలవాలంటే ఒక పొడుగాటి నంబరు కొట్టాలి. అది ఎవరికి గుర్తుంటుందని, హోస్ట్స్ అనే చిన్న ఫైలు తెరిచి, నంబరు పక్కన ఒక పేరు రాశాను. ఇక పేరు కొడితే చాలు, నంబరు అదే వెతుక్కుంటుంది. ఆ ఫైలు ముట్టుకోబోతే కంప్యూటర్ నీకు అధికారం ఉందా అని అడిగింది. మా ఇంట్లో నన్ను ఆ మాట అడిగేంత మర్యాద దానికొక్కదానికే ఉంది.

పేరు మా బాపుది పెట్టాను. నేతపని చేసే నాన్న బతుకంతా ఆ గదిలోనే గడిచింది కదా అని. బాపు దాన్ని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాడు.

ముందు గది కంప్యూటర్ వాడేది అమ్మ. తెర మీద నేను పెట్టిన షార్ట్‌కట్ బొమ్మను నొక్కి, డిజైన్ తీసి, గ్రాఫ్ కాగితం ముద్రించేది. దాన్ని చూసే, రంగులో ముంచే ముందు నూలుకు ముడులు కట్టేవాళ్లు. ఒక ఆదివారం నేను కొలువు చేసే మహబూబ్‌నగర్ నుంచి వచ్చి, తెరంతా చెత్తగా ఉందని శుభ్రం చేశాను. మంచి పనిమంతుణ్ని కాబట్టి ఆ బొమ్మ కూడా మిగల్లేదు.

మరునాడు ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. రెండు చేతులూ కావాలని స్పీకర్ పెట్టింది.

"మీ బాపు నకిరేకల్ పోయిండు. చీరలు కొనే సేటు వచ్చి కూసున్నడు. గ్రాఫ్ సూడకుంటే పెండ్లి చీరల ఆర్డర్ ఇంకో ఇంటికి ఇస్తడట. బొమ్మ ఏడ పోయింది బిడ్డా?"

"బొమ్మతోని పని లేదమ్మా. తెర మీద పేరు కొట్టే డబ్బా తెరిచి, రెండు వాలుగీతలు కొట్టి, పేరు కొట్టు."

"ఏం పేరు?"

"బాపు పేరు."

"గా పేరు నేనెట్ల కొడ్తరా?"

"పలుకుమంటలేను గద, కొట్టుమంటున్న."

"పలికితే గాలికి పోతది. కొడితే తెర మీద ఉంటది."

నా చదువు పారనిచోట నేను గొంతు పెంచుతాను.

"గీ కాలంల గిదేందమ్మా? మా ఆఫీసుల ఆడోళ్లు మొగని పేరు పెట్టే పిలుస్తరు. కొట్టు!"

అవతల సేటు నవ్వు వినపడింది. "కొట్టమ్మా, పెండ్లినాడు పేరు చెప్పకుంటే గడప దాటనిచ్చిండ్రా ఏంది? ఇంకోపారి చెప్పు, మేం గూడ వింటం." ఆయన వెంట వచ్చినవాళ్లు కూడా నవ్వారు.

అమ్మ స్పీకర్ తీసేసింది. గొంతు తగ్గించి, "నలుగుర్ల నన్ను నవ్వులపాలు చేయకురా" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నంబరు. పేరు లేకున్నా నంబరు కొడితే పని జరుగుతుంది. ఆ ఫైలు ఉన్నదే పేరును నంబరుగా మార్చడానికి. అది రాసింది నేనే. డైరీలో రాసుకున్న నంబరు వెతికి చెప్పాను. గ్రాఫ్ వచ్చింది, ఆర్డరూ వచ్చింది. సేటు గడప దాటుతూ, అవసరం లేకపోయినా, బాపు పేరు గట్టిగా పలికి మరీ వెళ్లాడట.

తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు, చుట్టాలొస్తే బాపు వాళ్లకు కంప్యూటర్ చూపించలేదు. సంగతి ఆయనదాకా వచ్చిందని అర్థమైంది. చుట్టాలు వెళ్లాక హోస్ట్స్ ఫైలు తెరవబోయాను. నీకు అధికారం ఉందా అని కంప్యూటర్ మళ్లీ అడిగింది. ఈసారి అవునని నొక్కడానికి కొంచెం సేపు పట్టింది.

బాపు పేరు చెరిపేసి, "ఏం పేరు పెట్టాలె అమ్మా?" అని అడిగాను.

అమ్మ ఆసు చెక్క మీద నూలు పోస్తోంది. నూలు తిప్పే చెయ్యి ఆపలేదు, నా వైపు చూడలేదు.

"నీ పేరే పెట్టు. రోజు తిట్టుకుంట కొడ్త."

పెట్టాను. అమ్మ మాట తప్పే మనిషి కాదు.