చెయ్యి మాత్రం మిగిలిన ఫోటో

రేపల్లె బాబాయి పడవల కంపెనీ పాతికేళ్ల పండగకి ఒక పుస్తకం అచ్చేయించాడు. అట్ట మీద 'మా కంపెనీ చరిత్ర' అని బంగారు అక్షరాలు. మొదటి పేజీలో వాళ్లు కట్టిన మొదటి పడవ. దాని ముక్కు మీద చెయ్యేసి బాబాయి నవ్వుతున్నాడు. పక్కన ఇంకో చెయ్యి ఉంది, రాగి ఉంగరంతో. మనిషి లేడు. ఆ చెయ్యి మా నాన్నది. మిగతా నాన్నని కత్తిరించేశారు.

బాబాయి మాకు చుట్టం కాదు. తెనాలిలో మా హార్డ్‌వేర్ కొట్టు వెనక జాగాలో నాన్నా ఆయనా కలిసి ఆ చెక్క పడవ కట్టారు. మేకులూ తాళ్లూ నాన్నవి, మాటలు ఆయనవి. చివరికి మాటలే గెలిచాయి. కంపెనీ రేపల్లె వెళ్లిపోయి, ఫైబర్ బోట్లు చేసి, మరబోట్ల ఇంజన్లు విప్పి బిగించి పెద్దదైంది. మేకులు తెనాల్లోనే ఉండిపోయాయి.

నాన్న పుస్తకం చూసి, "చెయ్యైనా ఉంచాడు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, బేరమాడకుండా కొన్న వంకాయ కూడా నాకు అరగదు. నాన్నని ఊరికే వదిలేసుకుంటానా?

పండగ రోజున ఆ మొదటి పడవనే మళ్లీ కాలవలో దించాలని బాబాయి దాని కోసం వెతికిస్తున్నాడు. అది బాపట్ల పక్కన ఒక పెద్దమ్మ పెరట్లో గేదెలు ఎండుగడ్డి తినే గాడిగా పడి ఉంది. నాన్న అటు వెళ్లినప్పుడల్లా పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు దాన్ని చూసొచ్చేవాడు. నేను మొదటి బస్సు ఎక్కాను.

"పెద్దమ్మా, ఈ గాడి ఇస్తావా?"

"మరి గేదెలు దేంట్లో తింటాయే, నీ ఒళ్లోనా?"

ఒక సిమెంటు తొట్టి ఇస్తానని మొదలెట్టి మూడు దగ్గర తేలాను. పడవని ట్రాక్టర్లో ఎక్కించుకుని, దారి పొడుగునా ఆ ఓటమిని నెమరేసుకుంటూ వచ్చాను.

వారం తిరక్కుండా బాబాయి ఫోను.

"అమ్మాయీ, పడవ నీ దగ్గరుందటగా. ఎంతిమ్మంటావు?"

"డబ్బొద్దండి బాబాయిగారూ. దించేరోజు నాన్న ముందు కూర్చోవాలి, మీరు పక్కన. ఆ ఫోటో మీ పుస్తకంలో అతికించాలి. కత్తెర పెట్టకూడదు."

"నీది మీ నాన్న పోలిక కాదే."

"కాదండి, మీ పోలికే."

ఒప్పుకున్నాడు. పడవని రేపల్లె పట్టుకెళ్లి, కంపెనీ ఇంజనీర్లు దాని సందులు లప్పంతో పూడ్చి నిగనిగలాడే రంగేశారు. ఏళ్లతరబడి ఎండిన చెక్క పడవని ముందు మూడు రోజులు నీళ్లలో ముంచి ఉంచాలి. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. లేకపోతే జల్లెడే. ఫైబర్ వాళ్లకి అది తెలీదు. నేను చెప్పలేదు. బాబాయి ఊరందరి ముందూ తడవాలి.

పండగ రోజు పొద్దున నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుంటుంటే గాని నా బుర్రకి తట్టలేదు, ఆ జల్లెడలో ముందు కూర్చునేది ఆయనేనని. ఇంత తెలివైన బేరం నాది!

"నాన్నా, ఎక్కొద్దు. దాన్ని నానబెట్టలేదు."

"తెలుసు. మొన్న వెళ్లి చూశాను."

"మరి వాళ్లకి చెప్పలేదేం?"

"నువ్వెందుకు చెప్పలేదు?" అంటూ మొలలో ఒక దూది ఉండ దోపుకున్నాడు.

రేపల్లె కాలవలో పడవ దించి, గట్టు మీంచి పనివాళ్లు తాడుతో లాగుతున్నారు. పది గజాలు వెళ్లిందో లేదో లోపలికి నీళ్లు చిమ్మాయి. పట్టుపంచెలో ఉన్న బాబాయి "ఏంటిది, ఏంటిది!" అంటూ లేచి, గట్టు మీదికి దూకబోయి నడుంలోతు కాలవలో బోర్లా పడ్డాడు. నాన్న కదల్లేదు. దూది చీల్చి వేళ్లతో సందుల్లో కూరుతూ, "మెల్లగా లాగండ్రా, ఏం కాదు" అన్నాడు. పడవ గట్టు చేరింది.

ఫోటోగ్రాఫరు సరిగ్గా బాబాయి మునిగిన క్షణంలోనే నొక్కాడు. పడవలో నాన్న, నిండుగా, చేతిలో దూదితో. పక్కన నీళ్లలోంచి పైకి లేచిన ఒక చెయ్యి, బంగారు గడియారంతో. మనిషి లేడు.

కత్తెర పెట్టకూడదన్నది బేరం. పెట్టలేదు. అలాగే అతికించారు.

ఒక కాపీ పటం కట్టించి మా కొట్టులో గల్లాపెట్టె పైన తగిలించాను. ఆ చెయ్యి ఎవరిదని ఎవరైనా అడిగితే, "తెలీదండి" అంటాను.