చివరి బెంచీలో గంట టీచరు

మా బడిలో ఏడో తరగతికీ, నేను లెక్కలు చెప్పే గదికీ మధ్య గోడ లేదు. ఒకప్పుడు అదంతా ఒకే హాలు. మధ్యలో చెక్క పలకలు కొట్టి రెండు గదులన్నారు. ఆ పలకలకు అవతల ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన మనిషిని పిల్లలు గంట టీచరు అని పిలిచేవారు. గంట మోగినట్టుండే గొంతు మరి. నేను ఇవతల భిన్నాలతో కుస్తీ పడుతుంటే మా పిల్లలు అవతలి పాఠం విని నదుల గురించి రాసుకునేవారు. నాకు ఒళ్ళు మండేది.

"అక్కా, కాస్త మెల్లగా చెప్పండి. మా వాళ్ళకి పరీక్ష కూడా మీరే పెట్టేలా ఉన్నారు" అంటే, "నీ లెక్కల్లో పస ఉంటే వాళ్ళు నా మాటెందుకు వింటారే?" అనేది. నా నోరూ మంచిది కాదు, ఆవిడ నోరూ మంచిది కాదు. అందుకే మా ఇద్దరికీ పడింది.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేసేవాడు. "మా ఇంట్లో గడియారాల చప్పుడే గానీ మనిషి మాట వినపడదమ్మా. ఈవిడ మాటలన్నీ బడికే ఖర్చయిపోతాయి" అని నాతో నవ్వుతూ అనేవాడు. పిల్లలు లేరు. ఇంటికి వెళ్ళడమంటే ఆవిడకు మర్నాటి పాఠం కోసం ఎదురుచూడటమే.

అలాంటి మనిషికి గొంతులో కణితి లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు, గొంతు మాత్రం తిరిగి రాలేదు. మిగిలింది గుసగుస. అదీ చెవి నోటి దగ్గర పెడితేనే వినపడేది. ఇంటికి పంపేయడానికి హెడ్మాస్టరుకు మనసొప్పలేదు. యూనివర్సిటీ నుంచి మా బడికి పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి వచ్చే ట్రైనీలకు ఆవిడను గైడ్ టీచరుగా వేశాడు. చివరి బెంచీలో కూర్చుని వాళ్ళు చెప్పేది చూడాలి, తప్పులు దిద్దాలి. చూస్తూ చూస్తూ ఆవిడ పెదవులు కదిలిస్తూ ఉండేది. తన పాఠం తనకు కంఠతా వచ్చు. ట్రైనీ ఏం చెప్పినా ఆవిడ పెదవుల మీద మాత్రం సొంత పాఠమే నడిచేది. పాపం, అలవాటు అనుకున్నాను.

ఆ ఏడాది వచ్చిన అమ్మాయి బక్కపలచటి మనిషి. అంతకుముందు వేరే బడిలో ఒకసారి ఫెయిలయింది. పాఠం బాగా తెలుసు, కానీ గొంతు మూడో బెంచీ దాటదు. ఈసారి కూడా ప్రొఫెసరు ముందు చెప్పే చివరి పాఠం తప్పితే డిగ్రీ లేదు, టీచరు ఉద్యోగమూ లేదు. మొదటి రోజు నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ పిల్ల ఏదో చెబుతోంది, పిల్లలు సంతలో ఉన్నట్టున్నారు, గంట టీచరు వెనక కూర్చుని పెదవులు కదుపుతోంది. ఈ పిల్ల గట్టెక్కదని అప్పుడే తీర్మానించేశాను.

కొన్నాళ్ళకు ఒక ఉదయం నేను బోర్డు మీద లెక్క వేస్తున్నాను. పలకల అవతల గంట టీచరు గొంతు ఖంగుమంది.

"కిటికీ వైపు ఏముందిరా? భూమి అక్కడ తిరగట్లేదు, ఇక్కడ తిరుగుతోంది. ఇటు చూడండి!"

సుద్దముక్క బల్ల మీద పడేశాను. గొంతు తిరిగొచ్చిందని సంతోషం పట్టలేక పరిగెత్తాను. తలుపు దగ్గరే ఆగిపోయాను. మాట్లాడుతున్నది ఆ అమ్మాయి. అదే విరుపు, మాట చివర అదే ఎగదోత. ఆ సన్నటి మెడలో నరాలు తాళ్ళలా పొంగి ఉన్నాయి. పిల్లలు నిటారుగా, కదలకుండా కూర్చున్నారు. చివరి బెంచీలో గంట టీచరు పెదవులు ఒక్కో మాటకూ సరిగ్గా కదులుతున్నాయి. అమ్మాయి కంటే ఒక్క పిసరు ముందుగా.

నన్ను నేను తిట్టుకున్నాను. అనుకరణ! ట్రైనీలంతా చేసేదే. నా గైడ్ టీచరు సుద్దతో బల్ల మీద కొట్టేవాడు, నేను ఇప్పటికీ కొడతాను. దీనికింత గాభరా దేనికి?

అంతలో ఆ అమ్మాయి రెండో బెంచీ చివర ఖాళీ చోటును చూస్తూ, "ఏరా పిచ్చుకా, మళ్ళీ ఆలస్యమా? పోయి కూర్చో" అంది.

పిచ్చుక ఎప్పటి పిల్లవాడో. గంట టీచరు పెట్టిన ముద్దుపేరు అది. వాడు ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు, తలలో వెంట్రుకలు కూడా పలచబడ్డాయి. ఆ సంగతి ఈ అమ్మాయికి తెలిసే వీలే లేదు. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆ ఖాళీ పక్కన కూర్చున్న పాప పుస్తకాలు దగ్గరకు లాక్కుని, పక్కకు జరిగి చోటిచ్చింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆ పిల్ల టీ కప్పు పట్టుకుని తాగకుండా కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"బాగా చెబుతున్నావమ్మా ఇప్పుడు" అన్నాను.

"నేను చెప్పట్లేదు మేడమ్." ఆ సన్నటి గొంతు మళ్ళీ దానిదే. "నోరు తెరుస్తున్నానంతే. నిన్న పాఠం అవగానే, నా గొంతు నాకు తిరిగి రాకముందే అమ్మకి ఫోన్ చేశాను. ఎవరండీ మీరు, మా అమ్మాయి ఫోన్ మీ దగ్గరెందుకుంది అని అడిగింది. నేనే అమ్మా అంటే నమ్మలేదు. పెట్టేసింది."

"మరి ఆవిడతో చెప్పలేకపోయావా?"

"చెప్తే ఆగిపోతుందేమో! మళ్ళీ ఫెయిలైతే నేనేమైపోవాలి మేడమ్?"

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. సాయంత్రం అందరూ వెళ్ళాక గంట టీచరును ఖాళీ తరగతిలోనే పట్టుకున్నాను. కుండబద్దలు కొట్టినట్టు అడిగేశాను.

"అక్కా, మీరేం చేస్తున్నారో మీకు తెలుసా?"

ఆవిడ నా చెవి దగ్గరకు వంగింది. "తెలుసే. ఆ పిల్ల పాసవుతుంది కదా."

"పాసయ్యేది ఎవరు? అదా, మీరా? రేపు మరో ఊళ్ళో ఉద్యోగమొస్తే ఆ బెంచీలో ఎవరు కూర్చుంటారు? కన్నతల్లే గుర్తుపట్టట్లేదు దాన్ని!"

తల్లి మాట వినగానే ఆవిడ మొహం పాలిపోయింది. బల్ల మీద చెయ్యి రాసింది. "నా గొంతు నాకు వినపడుతోందే" అంది. "చచ్చిపోయిందనుకున్నదాన్ని రోజూ వింటున్నాను. ఎలా వదలమంటావు?" కన్నీళ్ళు కారిపోతున్నాయి. నాకు జాలి వేసింది, భయం కూడా వేసింది. ఇంటికి వచ్చేశాను.

చివరి పాఠం రోజు ప్రొఫెసరు వచ్చి చివరి బెంచీలో గంట టీచరు పక్కనే కూర్చున్నాడు. నా పిల్లలకు లెక్కలిచ్చి నేను తలుపు దగ్గర చేరాను. అమ్మాయి మొదలుపెట్టింది. గంట గొంతు గదంతా నిండింది. రాత్రీ పగలూ ఎందుకొస్తాయో చెబుతుంటే ప్రొఫెసరు తలాడిస్తున్నాడు. ఫెయిలైన పిల్ల ఈమేనా అన్నట్టు చూస్తున్నాడు. మాట ఎక్కడా తడబడటం లేదు. ఆ అమ్మాయి కళ్ళ నుంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆ గొంతుకు ఆ ఏడుపుతో సంబంధమే లేదు.

గంట టీచరు అది చూసింది. కదులుతున్న పెదవుల మీద అరచెయ్యి వేసి గట్టిగా నొక్కిపెట్టింది.

మాట సగంలో తెగింది. అమ్మాయి నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. ప్రొఫెసరు కలం తీశాడు. గంట టీచరు చేతి వెనక దవడలు కొట్టుకుంటున్నాయి, లోపలున్నదేదో బయటికి తోసుకొస్తున్నట్టు. రెండో చెయ్యి కూడా వేసి నొక్కింది.

అప్పుడు అమ్మాయి పెదవులు మెల్లగా కదిలాయి. ఏదో చెబుతోంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ముందు బెంచీల పిల్లలు ముందుకు వంగారు. వెనక బెంచీల వాళ్ళు లేచి, చప్పుడు కాకుండా వెళ్ళి ముందువాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. సందడి లేదు. ఒక పిల్లాడు ఏదో ప్రశ్న అడిగాడు, ఆ పిల్ల తల ఊపి జవాబు చెప్పింది.

ప్రొఫెసరు విసుగ్గా గంట టీచరు వైపు తిరిగాడు. "ఏం చెబుతోందండీ? మీకేమైనా వినిపిస్తోందా?"

ఆవిడ నోటి మీద చేతులు తియ్యకుండానే తలూపింది. స్పష్టంగా వినిపిస్తోందన్నట్టు మళ్ళీ మళ్ళీ ఊపింది. అబద్ధం. నాకు తెలుసు. ప్రొఫెసరు ఒక్క క్షణం ఆ పిల్లల గుంపును చూసి, ఏదో రాసుకుని, పాసైనట్టేనని చెప్పి వెళ్ళిపోయాడు.

పిల్లలు బయటికి పోయాక అమ్మాయి చివరి బెంచీ దగ్గరకు వచ్చింది. గంట టీచరు చేతులు దించింది. పెదవి పంటి కింద పడి తెగి, గడ్డం మీద నెత్తురు చార కనిపించింది.

"మేడమ్, ఇందాక చివర్లో మాట్లాడింది నేనేనాండీ?" అని అడిగింది ఆ పిల్ల.

గంట టీచరు జవాబు చెప్పబోయింది. ఉన్న ఆ కాస్త గుసగుస కూడా రాలేదు. పెదవులు మాత్రం "నువ్వే" అని కదిలాయి. ఆ మాట మళ్ళీ అక్కడ పలుకుతుందేమోనని నేను చప్పున అమ్మాయి నోటి వంక చూశాను. అది మూసుకునే ఉంది.