తలుపు మీది బొట్టు

క్లాంగ్ ఊళ్లోని మా ఇంట్లో ఆయుధ పూజ రోజున కారుకీ కుట్టుమిషనుకీ బొట్లు పెట్టిన అమ్మ, నా బల్ల మీదున్న బొమ్మ గూడ్సు రైలు పెట్టెకి కూడా పెట్టేసింది. అరచేతిలో పట్టే ఆ పెట్టె ఏళ్ల తరబడి తుప్పుపట్టినట్టు కనిపించాలని నెల రోజులు రంగులూ పొడులూ అద్దాను. ఒళ్లు మండిపోయింది.

"ఏటే, బొమ్మైతే బొట్టొద్దేటి? బండి బండే లాహ్!" అంది అమ్మ, ఇక్కడి వాళ్లలాగే మాట చివర లాహ్ తగిలించి.

బొటనవేలితో విసురుగా తుడిచాను. కుంకుమ పోలేదు సరికదా, తలుపు మీద ఏటవాలుగా పులుముకుపోయింది. అదీ తుప్పులాగే ఉందని వదిలేశాను.

తర్వాత ఈపో ఊరి వైపు వెళ్లినప్పుడు, ఏ పెట్టెని చూసి ఆ బొమ్మ చేశానో దాన్ని మళ్లీ చూడాలనిపించింది. పామాయిల్ తోట చివర, వాడకంలో లేని పట్టాల మీద అదొక్కటే ఉంటుంది. చుట్టూ నడుమెత్తు గడ్డి. ఎవరూ నడిచిన జాడ లేదు. పిట్ట కూడా కూయడం లేదు.

తలుపు మీద ఎర్రగా పెద్ద మరక. బొమ్మ చేయడం కోసం నేను తీసుకున్న పాత ఫొటోలో అది లేదు. ఏటవాలుగా, మనిషంత వెడల్పున పులిమి ఉంది. దగ్గరికెళ్తే అందులో తాడంత లావు గీతలు సుడి తిరిగి కనిపించాయి. వేలిముద్ర. నా బొటనవేలి మీదున్న బ్లేడు గాటు కూడా అందులో ఉంది. ముట్టుకుంటే కుంకుమ అంటింది.

ఉన్నట్టుండి గడ్డి మీద బొటనవేలి ఆకారంలో పెద్ద నీడ పడింది. ఆ వేలికి ఎంత విసురో నాకు తెలుసు. తలెత్తకుండా పరిగెత్తాను.