నిమ్మకాయల మీద నిలిచిన కారు

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. గుమ్మడికాయ పగలగొట్టాం. బొరుగులు పంచాం. అన్నీ అయ్యాక తాళం తిప్పితే నాయన కారు కదల్లేదు.

నాయన పోయాక వచ్చిన మొదటి ఆయుధపూజ అది. మా ధర్మపురిలో ఆ రోజు మోపెడ్ నుంచి లారీ దాకా ప్రతి బండీ తన బలంతో కదిలి నిమ్మకాయలు చితక్కొట్టాలి. కదలని బండి ఇంట్లో ఉండకూడదని అమ్మ నమ్మకం. వారం ముందే తేల్చి చెప్పేసింది.

"కదిలిందా, ఉండనీ. కదలకపోతే పాత ఇనుము అంగడికి పంపించేస్తాము. దాన్ని చూసి చూసి కండ్లు నొప్పి పుడతా ఉండాయి."

ఆమె బాధ నాకు అర్థం కాకపోలేదు. తలుపు తీయగానే ఎదురుగా కనిపించేది ఆ తెల్ల కారే, అందులో మనిషి మాత్రం ఉండడు. కానీ నాకది కావాలి. మారండహళ్ళి సంతకు ఏళ్ళ తరబడి టమాటా బుట్టలు మోసిన డిక్కీ దానిది. ఇప్పటికీ తెరిస్తే పులిసిన టమాటా వాసన వస్తుంది. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు అప్పుడప్పుడు ఊరికే తెరుస్తాను. దాన్ని ఇనుము లెక్కన తూకం వేస్తారంటే నాకు ఏడుపొస్తుంది.

నాకు ముక్కు మీద కోపం. ఐదారుసార్లు తాళం తిప్పి, స్టీరింగు మీద ఒక దెబ్బ వేశాను. అప్పుడు నాయన మాట గుర్తొచ్చింది.

నాయన టమాటా వ్యాపారి, మెకానిక్ కాదు. బండి ఆగితే మాత్రం ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. నా చిన్నప్పుడు ఒకసారి పాపారపట్టి రోడ్డులో వానకు కారు నిలిచిపోయింది. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తాళం నా చేతికిచ్చాడు. నా కాళ్ళు కిందికి అందడం లేదు.

"అడగందే అమ్మైనా పెట్టదు పాపా. బండీ అంతే. వరసగా అడగాల. మొదట బ్యాటరీని, ఆమేల పెట్రోలును, ఆమేల ప్లగ్గును. తిట్టినావంటే ఒక్కటీ జవాబు చెప్పదు" అన్నాడు.

ఆ వానలో అంత నిదానంగా మాట్లాడిన మనిషిని తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. నాకు ఆ నిదానం రాలేదు, వరస మాత్రం వచ్చింది.

హారన్ కొట్టాను. వీధంతా తిరిగి చూసింది. బ్యాటరీ బాగుంది. బానెట్ ఎత్తి పెట్రోలు పైపు ఊడదీశాను. చుక్కలు పడ్డాయి. అదీ ఉంది. పైపు మళ్ళీ బిగించాను. ఇక ప్లగ్గును అడగాలి, దానికి ఇద్దరు కావాలి.

"అమ్మా, వచ్చి కూర్చో. నేను చెప్పినప్పుడు తాళం తిప్పు."

"ఆయప్ప సీట్లో నేనా?" అంది, నాయన సీటు వైపు చూస్తూ. జీవితమంతా ఎడమవైపే కూర్చున్న మనిషి. చివరికి సీటు అంచున, బస్సులో పరాయివాళ్ళ పక్కన కూర్చున్నట్టు కూర్చుంది.

ప్లగ్గు వైరును ఎండుగుడ్డతో పట్టుకుని, చివరను ఇంజిను ఇనుముకు దగ్గరగా పెట్టాను. నీలం నిప్పురవ్వ ఎగరాలి. అమ్మ తాళం తిప్పింది, ఇంజిను గురగురలాడింది, రవ్వ రాలేదు. అంటే కరెంటు దారిలోనే ఆగిపోతోంది. నాలుగు ప్లగ్గులకూ కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఒక మూలగా, పైపుల వెనక ఉంటుంది. వంగి తడిమాను. వేళ్ళు పసుపుపచ్చగా బయటికొచ్చాయి.

దాని మూత మీద మందంగా గంధం, ఇంకా ఆరలేదు. మధ్యలో కుంకుమ. గంధపు నీళ్ళు కారి వైర్ల మొదళ్ళలోకి దిగాయి.

"అమ్మా, బానెట్ ఎత్తినావా నువ్వు?" గొంతు కాస్త పెంచే అడిగాను.

పొద్దున అందరి ముందూ "నేను ముట్టకూడదు, నువ్వే పెట్టు" అని కుంకుమ పళ్ళెం నాకిచ్చి, తను గడప దగ్గరే ఆగిపోయిన మనిషి. ఇప్పుడు స్టీరింగు మీంచి చేతులు తీయకుండా తల దించుకుంది.

"లోపలి బొట్టు ఎప్పుడూ మీ నాయన పెట్టేది కదా. ఈ యేడు పెట్టేవాళ్ళు లేరని... నువ్వు లేచేలోపల పెట్టేసినాను. ఏడ పెడతా ఉండెనో తెలీలే. చెడగొట్టినానా?"

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. కారును పంపించేస్తానన్న మనిషే, అది కదలాలని చీకటితోనే లేచి, గంధం తీసి, ఎవరి కంటా పడకుండా పెట్టి వచ్చింది.

"లేదమ్మా. తడి, అంతే."

మూత విప్పాను. సీటు కింద నాయన తువ్వాలు ఇంకా ఉంది. దాంతో లోపలా బయటా తుడిచి, ఎండలో కాసేపు పెట్టి, మళ్ళీ బిగించాను. అమ్మ తాళం తిప్పింది. రెండుసార్లు దగ్గి కారు లేచింది. అమ్మ ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

"దిగి ఇట్లా రా" అని పళ్ళెం పట్టుకున్నాను. "ఎండు కుంకం చాలు. నాయన పెట్టేది ఈడ." బ్యాటరీ పక్కన ఇనుప పట్టీ మీద, ఏటా పెట్టీ పెట్టీ నల్లబడిన ఎర్రటి మరక చూపించాను. "నువ్వే పెట్టు."

అమ్మ వీధికి ఆ చివరా ఈ చివరా చూసింది. ఎదురింటివాళ్ళు అరుగు మీదే ఉన్నారు. చూడనీ అన్నట్టు ఉంగరపు వేలు కుంకుమలో అద్ది, ఆ మరక మీదే పెట్టింది.

తర్వాత వెళ్ళి తన ఎడమ సీట్లో సర్దుకుని కూర్చుంది. నేను స్టీరింగు ముందు కూర్చుని బండి ముందుకు పోనిచ్చాను. నాలుగు నిమ్మకాయలూ చితికాయి.

"ఏడికి పోదామమ్మా?" అని అడిగాను.

"ఏడికైనా పోనీ" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఆ ఇనుము అంగడి ముందర మాత్రం నిలపొద్దు."