దూడ మెడలో ‘వెన్’

మాధవరం మిల్క్ కాలనీ యెనక సందులో రెండు ఎనుములు పెట్టుకోని పాలు పోసేది మా దమయంతక్క. మాది ఆమె పక్కిల్లే. అక్కకి నలభై దాటినాయి. పొద్దున్నే ఎనుముల్ని పిండి, ఇళ్లకి పాలు పోసేసి, పాల కంపెనీలో ఊడ్చే పనికి పోతాది. ఆడ పాలలో నీళ్లుండాయా లేదా అని చూసే టెస్టింగ్ రూములో హెల్పర్ పని ఖాళీ పడింది. పర్మనెంట్ పని. ఆఫీసరు మంచోడు. “పదో క్లాసు పాసై రామ్మా, నీకే ఇస్తా. ఈ తూరి రిజల్టు దాకా చూస్తా, ఆ తర్వాత వేరేవాళ్లని పెట్టుకోవాల్సిందే” అన్నాడంట.

అన్ని సబ్జెక్టులూ గట్టెక్కేసింది అక్క. ఇంగ్లీషు ఒక్కటే రెండు తూర్లు పోయింది.

“ఏమే, చదివి చదివి ఎనుముతో ఇంగ్లీషులో మాట్లాడతావా?” అనేవాడు మొగుడు కామరాజు.

“నీతో మాట్లాడేదానికంటే నయమేలే” అనేది అక్క.

మేడ మీద బాడుగకుండే సునయనది విజయవాడ. కంప్యూటర్ ఆఫీసులో పని. ఆ పాపే సాయంత్రం పూట అక్కకి పాఠం చెప్పేది. నేను పూలు కట్టుకుంటా ఆడే కూర్చునేదాన్ని.

“ఇంగ్లీషు వాక్యంలో రెండు ముక్కలుంటాయనుకోండి అక్కా. ఒకటి తనంతట తాను నిలబడుతుంది. అది ఇండిపెండెంట్ క్లాజ్. రెండోది దాన్ని పట్టుకుని బతుకుతుంది. అది డిపెండెంట్.”

“ఎనుమూ దూడా మాదిరి” అనింది అక్క.

“అచ్చం గేదే దూడానే.” పాప ఒక వాక్యం చెప్పింది. వెన్ మై మదర్ కేమ్ హోమ్ ఫ్రమ్ ద మార్కెట్, ఐ స్లెప్ట్. మా అమ్మ మార్కెట్టు నించి ఇంటికొచ్చినప్పుడు, నేను నిద్రపోయినా అని. “ఇందులో దూడ ఏదక్కా?”

అక్క ఆలోచించనే లేదు. “ఐ స్లెప్ట్. ఇంతే కదా ఉండాది, నిన్న పుట్టినట్టు.”

పాపకి నవ్వాగలేదు. “సైజు చూడకండక్కా.”

సైజు చూడకుండా ఇంకేం చూసేది? మా సందులో ఎవురినడిగినా చిన్నదే దూడ అంటారు. ఎన్నిసార్లు చెప్పినా అక్క అదే తప్పు. ఒకరోజు పుస్తకం మూసేసి, “నాకు చీపురే రాసిపెట్టుండాది పాపా” అని లోపలికి పోయింది. ఆ రోజు పొయ్యి ముట్టించలేదు. కామరాజు కూడా ఎగతాళి చెయ్యలేదు. పోయి పరోటా కట్టించుకోని వచ్చినాడు.

మర్నాడు పొద్దున పాలకోసం సొంబు పట్టుకోని పోయినా. అక్క ఎనుముల్లో ఒకటి బక్కది. దాని దూడ మాత్రం తల్లిని మించి పెరిగేసింది, అయినా పాలు మానలేదు. ముందు దూడ రెండు గుక్కలు తాగితేనే తల్లి పాలు చేపుతాది. తర్వాత దూడని పలుపుతో తల్లి ముందరకాలికి కట్టేసి పిండుకుంటారు. అక్క పలుపు ముడేస్తా ఏస్తా చెయ్యి నిలిపేసింది.

“రంజనీ, ఈ పలుపు ఎవురి మెడలో ఉండాది మే?”

“దూడ మెడలో.”

“దూడ తల్లికంటే చిన్నదా?”

“ఎక్కడ చిన్నది? గున్న ఏనుగు మాదిరుంటే.”

“అయినా అది దూడే కదా. వెన్ అనేది పలుపు మే. అది ఏ ముక్క మెడలో ఉంటే ఆ ముక్కే దూడ, ఎంత పొడుగున్నా సరే.” అట్లంటానే పలుపు ఇప్పేసింది. “మై మదర్ కేమ్ హోమ్. మా అమ్మ ఇంటికొచ్చింది. చూసినావా, వెన్ తీసేస్తే ఇదీ సొంతంగా నిలబడతాది.”

మేము ఈ మాటల్లో ఉండంగానే దూడ పాలన్నీ తాగేసింది. సునయనని ఆ పొద్దుకి ప్యాకెట్ పాలు కొనుక్కోమని చెప్పి పంపినాం. సంగతి విని పాప, “రోజూ ప్యాకెట్టే కొనుక్కుంటాలే అక్కా, నాకేం పర్లేదు” అనింది.

ఆ తర్వాత అక్కని పట్టుకునేదానికి కాలేదు. ఇఫ్, బికాజ్, ఏది చెప్పినా “ఇదీ పలుపే” అనేది. ఆల్‌దో అనేది వస్తే, “ఇది నైలాన్ పలుపు, కొంచెం గట్టిది” అనింది.

పరీక్ష రాసి వచ్చిన రోజు సందు మొదట్లోనే నన్ను నిలిపింది. “దూడని వాక్యం చివర కట్టినారు మే. యెనక కడితే నాకు తెలీదనుకున్నారా?”

రిజల్టు సునయన ఫోన్లో చూసింది. చూసి అక్క చెయ్యి పట్టుకుంది. పాస్. కామరాజు ఆ సాయంత్రం పాలు ఒక్క ఇంటికీ పోయనియ్యలేదు. అన్నీ పొయ్యి మీద పెట్టి, కూర్చోని కలబెట్టి, పాలకోవా చేసి సందంతా పంచినాడు. “మా ఆడది పది పాసు” అని పిలిచి పిలిచి పెట్టినాడు.

మొదటి రోజు అక్క అందరికంటే ముందు పోయిందంట. ఏమ్మా ఇంత తొందరగా వచ్చినావని ఆఫీసరు అడిగితే, “వెన్ ద బస్ కేమ్, ఐ కేమ్ సార్” అనిందంట. ఆయన నవ్వి, తెల్లకోటు తెచ్చి చేతికిచ్చినాడంట.

ఇప్పుడు పొద్దున పిండేది కామరాజే. కోటేసుకోని బయల్దేరతా ఉండే అక్కని కొట్టం నించే కేకేస్తాడు.

“ఏమే, దూడ ఎగబడతాండాది. ఆ వెన్ ఎక్కడ పెట్టినావు?”

“నీ తలకాయ దగ్గరే గుంజకి ఏలాడతాండాది చూడు” అనేసి అక్క బస్సుకి పోతాది.